మడుగు పిలిచిందట

వెస్ట్‌మోర్‌లాండ్ కొండల్లో, స్కేల్ మడుగుకు అర మైలు దిగువన, కవి ఆంబ్రోస్ థోర్ప్ గారి వంటిల్లు. అక్టోబరు నెల, పొద్దున. గొర్రెల కాపరి గావెన్ బర్కెట్ భార్య ఐసబెల్ వచ్చి, కవికీ ఆయన భార్య హెస్టర్‌కీ ఎదురుగా కూర్చుంది.

"... డినా టైసన్ చెప్పిందయ్యా, నేనేం కల్పించి చెప్పట్లేదు. పాదిరీ గారింట్లో పొయ్యి గూడు తోముతూ విందట. ఆయన మీ పుస్తకం పట్టుకుని పైకే చదువుకుంటూ, మధ్యలో ఆగి ముక్కు చీదుకున్నాడట. చీదుకుని మళ్ళీ చదివాడట. మళ్ళీ చీదుకున్నాడట."

"రెండుసార్లా?"

"రెండే. డినాకి లెక్క బాగా వచ్చు, అక్షరాలే రావు."

"ఏ పద్యం దగ్గర, ఐసబెల్లమ్మా? అది చెప్పిందా? మొదట్లోనా, చివర్లోనా?"

"ఏమండీ, ఆవిడ మొగుడి శవం మొన్ననే నీళ్ళలో తేలింది. ముందు ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"చెప్పనివ్వడానికే అడుగుతున్నాను హెస్టర్. చదివేవాడు ఎక్కడ ఏడ్చాడన్నది చిన్న విషయం కాదు."

"మా ఆయన దగ్గరే ఏడ్చాడయ్యా. ఏడ్చి, పుస్తకం మూసి, కళ్ళు తుడుచుకుని, 'ఈ మనిషిని నా చర్చి గోడ లోపల పూడ్చనివ్వను' అన్నాడట."

"అంత బాగా ఏడ్చినవాడు అలా అన్నాడా?"

"అన్నాడు. డినా మసి చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. నేనప్పటికే రొట్టెలు పొయ్యిలో పెట్టేశాను. రేపు పదింటికి పూడ్చడం. ఇరవై ఆరు ఇళ్ళకి పిలుపు వెళ్ళింది. ఇంటికో రొట్టె, పూడ్చడం అయ్యాక చేతికిచ్చి పంపాలి. పూడ్చడమే లేకపోతే ఆ రొట్టె ఎవడు పట్టుకెళతాడు? మా వైపు అలాంటి రొట్టె కుక్కక్కూడా వెయ్యరు."

"గోడ లోపల కాకపోతే మరెక్కడమ్మా?"

"గోడ బయట, హెస్టరమ్మా. ఉత్తరం పక్క, దురదగొండి పొదల్లో. ప్రార్థన లేదు, గంట లేదు. తన ప్రాణం తనే తీసుకున్నవాడికి అంతే మర్యాదట. అయ్యగారు పుస్తకంలో అలాగే రాశారట కదా."

"అలా అని రాయలేదు. సూచన ఉంది, అంతే."

"సూచనంటే?"

"చెప్పకుండా చెప్పడం."

"పాదిరీకి బాగానే వినపడిందయ్యా."

"పాత పాదిరీ గారుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆయనకి వేటకుక్కల వంశావళి తప్ప ఇంకో చదువు లేదు."

"అదే మా రాత, హెస్టరమ్మా. ఈయన ఈస్టరుకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టుండక చదువుతాడు."

"మరి ఫిబ్రవరిలో మునిగినప్పుడు విచారణకి అధికారి వచ్చాడు కదా. ఆయనేం రాసుకెళ్ళాడు?"

"ఏం రాస్తాడు? అప్పటికి మనిషే దొరకలేదు. 'చూసినవాళ్ళు లేరు' అని రాసి, మా ఇంట్లో పంది తొడ సగం తిని పోయాడు. ఎనిమిది నెలలు అక్కడితో సరి. ఇప్పుడు శవం తేలింది, చూసినవాడూ తేలాడు."

"ఎవరు?"

"మీరేనయ్యా. 'చూచితిని' అని మొదలెట్టారట. పాదిరీ ఆ మాట దగ్గర వేలు పెట్టి మరీ చూపించాడట, డినాకి చదువు రాదని తెలిసి కూడా. చదవండి, నేనూ వింటాను. నా మొగుడు ఎలా పోయాడో ఊరంతా విన్నాక నేను వినకపోతే బాగుండదు."

"ఇప్పుడా? పొద్దున్నే నా గొంతు అంత..."

"గొంతుకేం, బ్రహ్మాండంగా ఉంది. తెల్లారగానే కోళ్ళకి వినిపించారు."

"సరే. ఊఁ.

*చూచితిని నే నొంటిగా నొక*
*శీతవేళను కాపరొకనిని;*
*మంచు విప్పిన మడుగు కన్నులు*
*మనిషి పేరును పిలిచెనేమో,*
*దిగెను మెల్లగ, దిగెను మెల్లగ*
*తల్లి ఒడిలో బిడ్డగా.*"

"అయిపోయిందా?"

"ఇంకా పదకొండు చరణాలున్నాయి."

"వాటిల్లో పైకి వస్తాడా?"

"రాడు."

"అయితే ఇది చాలు. ఆ మెల్లగ అనేది రెండుసార్లు ఎందుకయ్యా? ఒకసారి దిగితే సరిపోదా?"

"అది పునరుక్తి. కావాలనే వేశాను. ఒక అల వెనక ఇంకో అల వచ్చినట్టు ఉంటుంది. మూడు, నాలుగు, మూడు, నాలుగు అని నడక. విను: దిగెను, మెల్లగ, దిగెను, మెల్లగ."

"మా దగ్గర కాలికి పుండు పడ్డ గొర్రె అలాగే నడుస్తుంది."

"ఆ పాదానికి వేరే మాటలు దొరకలేదమ్మా. ఈయన వారం రోజులు వెతికి, చివరికి ఉన్నదే మళ్ళీ వేశారు. పునరుక్తి అని పేరు తరవాత పెట్టారు."

"హెస్టర్, శుద్ధప్రతి రాసేదానివి నువ్వు, రహస్యాలు బయట పెట్టడం నీ పని కాదు."

"ఫిబ్రవరిలో ఆ నీళ్ళలోకి మెల్లగా దిగడమేంటయ్యా? పొట్టేలుని తోసినా కెవ్వుమంటుంది. పైగా తల్లి ఒడా? వాళ్ళమ్మని మీరు చూళ్ళేదు. గావెన్ చిన్నప్పుడు ఆవిడ ఒడికి దొరక్కుండా గొడ్ల సావిట్లో పడుకునేవాడు."

"ఆ తల్లి కాదు. ప్రకృతి. నేను చెప్పేది ప్రకృతి అనే తల్లి గురించి."

"ఆవిడెవరు?"

"ఈ కొండలు, ఈ మడుగు, ఈ గాలి. మనిషిని పెంచేదీ, మందలించేదీ, ఓదార్చేదీ అదేనమ్మా. మీరు దాని ఒళ్ళోనే పుట్టి పెరిగారు. మీకు తెలియకుండానే దాని పాఠాలు మీ రక్తంలో..."

"పోయిన జనవరిలో మీ తల్లిగారు మా గొర్రెల్ని ముప్పై ఎనిమిదింటిని మంచు కింద పూడ్చిపెట్టింది. కర్రలు గుచ్చి గుచ్చి వెతికాం. పదకొండు బతికున్నవి దొరికాయి. అవి ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తిన్నాయి. ఇదేం పాఠమో మీరే చెప్పాలి."

"అది భీకర సౌందర్యం."

"మాకు వట్టి భీకరమే అందింది."

"ఇంకా వేడిగా ఉంది, ఈ టీ తాగండమ్మా. మీ చేతులకి అదేంటి, తారా?"

"తారూ వెన్నా, హెస్టరమ్మా. చలికాలం ముందు గొర్రెలకి పట్టించాలి కదా, ఉన్ని పాయ పాయగా విడదీసి, వేలితో. మొగుడు పోయాడని గొర్రెలు ఆగవు. ఈ పని మా ఇద్దరిదీ. ముప్పై ఏళ్ళు అక్టోబరు నెలంతా మా ఇంట్లో మనిషికీ గొర్రెకీ ఒకటే వాసన. అయ్యగారి పద్యంలో మా ఆయన ఏ వాసన వేస్తాడు?"

"కొండపూల పరిమళం అని తొమ్మిదో చరణంలో ఉంది."

"ఫిబ్రవరిలో కొండపూలు. సరే, రాసేవాడి ఇష్టం. ఆ పూలల్లోనే కదా మీరు పడుకునేది. ఒక ఏడు ఎండాకాలం, జ్ఞాపకం ఉందా, ఫెర్న్ పొదల్లో వెల్లకిలా పడి, నోరు తెరుచుకుని ఉన్నారు. గొర్రె వచ్చి మీ ముఖం నాకినా కదలరు. మా ఆయన మీరు పోయారనుకుని, దొడ్డి తడక ఊడబీకి మోసుకొచ్చాడు, మిమ్మల్ని దాని మీద పడేసి ఇంటికి చేర్చడానికి."

"నేను ప్రకృతిని పరిశీలిస్తున్నాను."

"కళ్ళు మూసుకునా?"

"మనసులో ఒక కన్ను ఉంటుందమ్మా. బయటి కన్ను చూసింది లోపలికి దిగాలి. నెలో రెండు నెలలో అక్కడ ఊరాలి. తరవాత ఒకనాడు, ఏ అలజడీ లేనప్పుడు, అది తనంతట తాను పైకి వస్తుంది. అప్పుడు రాయాలి. చూసింది చూసినట్టు రాసేవాడు గుమాస్తా."

"ఊరగాయలా అన్నమాట."

"ఊరగాయకి ముందు కాయంటూ ఉండాలి కదండీ. ఇందాకట్నుంచీ అడుగుదామనే చూస్తున్నా. చూచితిని అని రాశారు. ఎప్పుడు చూశారు?"

"అప్పుడే. ఫిబ్రవరిలో."

"ఫిబ్రవరిలో మీకు గవదబిళ్ళలు."

"అంటే, వచ్చే ముందు..."

"నెల రెండో తారీఖున, క్యాండిల్‌మస్ పండగ నాడు మొదలు, మూడు వారాలు. దవడలకి ఎర్ర ఫ్లానల్ గుడ్డ కట్టుకుని మేడ మీద పడుకున్నారు. నేనే జావ మోశాను. ఆ కిటికీలోంచి చూస్తే కోళ్ళ గూడు కనబడుతుంది. గావెన్ పోయిన వార్త మీకు చెప్పిందీ నేనే. మీరు 'ఊఁ' అన్నారు, దవడ కదలక."

"అయితే కోళ్ళ మీద రాయాల్సింది అయ్యా."

"మీరిద్దరూ కలిసి నన్ను వేళాకోళం చెయ్యండి. కానీ నేను గాల్లోంచి పుట్టించలేదు. అంతకు ముందు, జనవరి చివర్లో, గావెన్‌ని మూడు రోజులు చూశాను. వరసగా మూడు రోజులు. నేను పైకి నడిచి వెళ్ళేటప్పటికి అక్కడే ఉన్నాడు, మడుగు ఒడ్డున నిలబడి. గంట తరవాత తిరిగొచ్చినా అక్కడే. కుక్క వచ్చి కోటు అంచు పట్టి లాగినా కదల్లేదు. నేను పలకరించాను. 'ఏంటి గావెన్, చేపలా?' అన్నాను. 'నీళ్ళు ఎంత కుదురుగా ఉన్నాయో చూడండయ్యా' అన్నాడు. గొర్రెల గురించి తప్ప మాట్లాడని మనిషి. ఆ మాట నాలో ఉండిపోయింది. వార్త విన్నాక, ఆ మాటలోంచే పద్యమంతా వచ్చింది."

"మూడు రోజులా?"

"మూడు రోజులు."

"నాతో ఎప్పుడూ అనలేదు మా ఆయన. ... పోనీ, అవన్నీ ఇప్పుడెందుకు. చల్లారిపోయినట్టుంది ఈ టీ. అసలు పని చూద్దాం. నాకో కాగితం రాసివ్వండయ్యా, పాదిరీకి."

"రాస్తారు. రాయరూ? 'నేనక్కడ లేను, నేనేం చూడలేదు, పద్యం నా ఊహ' అని రాస్తారు. కలం ఇదిగోండి."

"హెస్టర్, ఒక్క నిమిషం. ముందుమాటలో నేనేమని రాశాను? 'ఈ పుస్తకంలో ప్రతి పాదమూ నా కళ్ళు చూసినదే, నా గుండె మోసినదే' అని. లండన్‌లో రెండో ముద్రణ అచ్చుకి వెళ్ళింది. ఇప్పుడు సంతకం పెట్టి నేను లేను అంటే, ఆ పాదిరీ ఊరుకుంటాడా? పత్రికలకి రాస్తాడు. చదివేవాడు రాసేవాడు కూడా అవుతాడు."

"గవదబిళ్ళల కవి అంటారు. అంటే అననివ్వండి. అక్కడొక మనిషిని దురదగొండిలో పారేస్తున్నారు."

"నాకు తెలుసు. తెలుసు హెస్టర్. ... సరే. రాస్తాను. ఐసబెల్లమ్మా, మీరు నన్నేమనుకున్నా, నేను మరీ అంత నీచుణ్ణి కాదు. 'నేను అక్కడ లేను' అని రాసిస్తాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు."

"వద్దు."

"వద్దా?"

"మీరు లేరంటే నాకేం లాభమయ్యా? మళ్ళీ చూసినవాళ్ళు లేరు అన్న దగ్గరికే వస్తాం. పాదిరీకి ఒకసారి అనుమానం పట్టింది, పుస్తకం ఊహే అన్నా ఆ అనుమానం పోదు. ఆయన మిమ్మల్ని నమ్మాడు. రెండుసార్లు ముక్కు చీదుకునేంత నమ్మాడు. ఆ నమ్మకాన్ని చేజేతులా పాడు చెయ్యడమెందుకు? చూచితిని అన్నది అలాగే ఉంచండి. చివర మార్చండి. చూశాను, కాలు జారి పడ్డాడు అని రాయండి."

"అది అబద్ధం కదమ్మా."

"మరి పద్యం?"

"అది కల్పన."

"ఇదీ అదేననుకోండి. కాస్త పొట్టిది."

"అలా కుదరదు. నేను వచనంలో ఎప్పుడూ అబద్ధం రాయలేదు."

"పోయిన నెల మా అన్నయ్యకి రాసిన ఉత్తరం వచనమే కదండీ."

"హెస్టర్."

"అమ్మగారూ, మీరు ఆగండి. అయ్యా, నేనొకటి అడుగుతాను. పద్యంలో మా ఆయన్ని నీళ్ళలోకి దింపేటప్పుడు మీ కలం ఆగిందా? లేదు. మూడు నాలుగు, మూడు నాలుగు అని లెక్క చూసుకుంటూ దింపారు. అదే చేత్తో నాలుగు అడుగులు పక్కకి జరిపి, జారే చోట నిలబెట్టమంటున్నా. మీకు పోయేది ఒక కాగితం, నాకు దక్కేది రేపటి గంట. మీరు అక్కడ లేరన్న సంగతి మీకూ, అమ్మగారికీ, నాకూ, కోళ్ళకే తెలుసు."

"పుస్తకంలో పిలిచెనేమో అని ఉంది కదా. దానికేం చెప్పను?"

"ఏమో అని మీరే అన్నారు కదా. మడుగు పిలిచిందేమో, కాపరి వినలేదు, తన పని మీద తను పోతూ జారాడు. పిలవడం మడుగు ఇష్టం."

"... హెస్టర్, ఇది నిజానికి మంచి వ్యాఖ్యానం."

"కాగితం ఇదిగో. చిన్నగా రాయండి. పన్నెండు చరణాలు వద్దు."

"'పూజ్యులైన పాదిరీ గారికి. నా పద్యంలోని కాపరి మరణం గురించి తమకు కలిగిన సందేహం తీర్చడం నా ధర్మం. నేను ఆ ఉదయం స్కేల్ మడుగు అవతలి ఒడ్డున నిలిచి ఉండగా, వెండి పొగమంచు మెల్లమెల్లగా విచ్చుకొని...'"

"వెండి కొట్టెయ్యండి."

"వెండి ఉంటేనే నేను రాసినట్టుంటుంది. లేకపోతే ఆయన నమ్మడు."

"ఉండనివ్వండమ్మా, వెండి ఒక్కటి ఉండనివ్వండి. రెండో మెల్ల కొట్టెయ్యండి మీరు."

"'... మెల్లగా విచ్చుకొనగా, ఈవలి ఒడ్డున కాపరి గావెన్ బర్కెట్ కనిపించెను. మంచుగడ్డ మీద చిక్కిన ఒక గొర్రెను విడిపించుటకు అతడు వంగెను.' గొర్రె ఉంటే బాగుంటుంది కదా? త్యాగం వస్తుంది."

"ఉండనివ్వండి. ఆడ గొర్రె అని రాయండి, చూడిది. దాని కోసమైతే ఎవడైనా వంగుతాడు."

"చూడి గొర్రె. చాలా బాగుంది. నాకు ఇప్పుడు నిజంగా కళ్ళకి కట్టినట్టు ఉంది. హెస్టర్, ఒట్టు, నేను చూశాననే అనిపిస్తోంది. ఆ గొర్రె ముఖం నల్లగా ఉంది."

"మళ్ళీ ఊరుతోంది. తొందరగా ముగించండి, ఆవిడ రొట్టెలు మాడతాయి."

"'వంగిన క్షణమున, ఇనప నాడాలు కొట్టిన అతని చెక్క జోళ్ళు నున్నని మంచు మీద సర్రున జారి, అతడు...'"

"జోళ్ళు కొట్టెయ్యండి."

"ఎందుకు? ఇది వెండి కాదమ్మా, పనికొచ్చే వివరం. ఇనుము మంచు మీద జారుతుందని పాదిరీక్కూడా తెలుసు. కాలు జారాడని నమ్మించేదే ఈ ముక్క."

"కొట్టెయ్యమన్నాను."

"ఐసబెల్లమ్మా, నా మాట వినండి. ఈ ఒక్క విషయంలో నా పని నాకు తెలుసు. చదివేవాడికి చేత్తో పట్టుకునే వస్తువు ఒకటి ఇవ్వాలి. అది లేకపోతే కాగితమంతా గాలి."

"డినా శవాన్ని కడిగింది. కాళ్ళకి జోళ్ళు లేవు. ఆ ముక్క పాదిరీ ఇంట్లో చెప్పే ఉంటుంది."

"అదా మీ భయం? ఎనిమిది నెలలు నీళ్ళలో ఉన్నాడు కదమ్మా. చెక్క మీది తోలు నాని, మేకులు వదిలి, ఊడిపోయి ఉంటాయి. ఇంకో వాక్యం కలుపుతారు ఈయన. 'ఆ జోళ్ళు మడుగు అడుగున ఉండిపోయెను' అని. రాయండి మీరు."

"రాస్తున్నాను. 'ఆ జోళ్ళు నేటికీ మడుగు అడుగున, చేపల నడుమ...'"

"మడుగు అడుగున లేవు హెస్టరమ్మా. ఒడ్డున బండ మీద, మడమలు కలిపి, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టి ఉంటే, ఎవరి కంటా పడకముందే నేనే చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఊఁ, రాయండయ్యా, కాలు జారాడని."